చేతిఫోనులో ఆపవలసినవి, ఆపకూడనివి

(గత మాసం వయోవృద్ధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ మండపంలో చూడగానే ఏదో ఒక శ్లోకార్థమో, సమాసవిచారమో వినవలసి ఉంటుందని మీరు సిద్ధపడి కూర్చున్నారు. నలభై ఏండ్లు పాఠశాలలో సంస్కృతం చెప్పుకొన్నవాడు సెల్‌ఫోను గురించి ప్రసంగించడమేమిటని నాకే సంకోచంగా ఉన్నది. అయినా ఈ సమావేశానికి ఒక విషయం ఎంచుకొమ్మని ట్రస్టువారు అడిగినప్పుడు నేనే దీనిని కోరుకొన్నాను. కారణం మా ఇంటిలో జరిగిన ఒక సంగతి. ముందుగా దానిని చెప్పి, ఆ తరువాత నేను తెలిసికొన్నది మనవి చేస్తాను.

మా ఇంట రెండు ఫోనులు ఉన్నవి. ఒకటి నాది, రెండవది నా సహధర్మచారిణిది. రెండూ ఆండ్రాయిడ్ ఫోనులే. ఆమెకు పన్నెండు సంవత్సరాలుగా రక్తపోటు ఉన్నది. ఉదయం ఎనిమిదింటికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదింటికి ఒక మాత్ర. మరపు వచ్చే వయస్సు గనుక మా మనుమరాలు ఆమె ఫోనులో మందుల వేళ గుర్తుచేసే యాప్ ఒకటి పెట్టినది. వేళకు అది గంట మ్రోగించేది. ఆమె మాత్ర వేసుకొని, తెరపై వేలితో తాకి, వేసుకొన్నానని దానికి తెలియజేసేది. ఏడాదిన్నర ఏ లోపమూ లేకుండా గడిచినది.

ఇక నా సంగతి. భోజనమైన వెంటనే విస్తరి తీసి, ఆ చోటు శుద్ధి చేస్తే గాని నాకు మనస్సు కుదుటపడదు. ఇది చిన్ననాటి నుండి వచ్చిన అలవాటు. ఫోనులో తెర అడుగు నుండి వేలితో పైకి జరిపి ఒక్క క్షణం ఆపితే, మనం వాడిన యాప్‌లన్నీ పేకముక్కల వలె వరుసగా కనపడతాయి గదా. అవి నా కంటికి తీయకుండా వదలిపెట్టిన ఎంగిలి విస్తళ్ళ వలె తోచేవి. రాత్రి పడుకొనే ముందు రెండు ఫోనులలోను ఒక్కొక్క దానిని పైకి త్రోసివేసేవాడిని. తెర ఖాళీ అయితే గాని నిద్రపట్టేది కాదు. పైగా దాని వలన బ్యాటరీ ఆదా అవుతున్నదని, ఫోను చురుకుగా ఉంటున్నదని గట్టి నమ్మకం. మీలో ఎందరు ఇట్లా చేస్తున్నారో చేతులెత్తండి. చూశారా! సగం మండపం నా జట్టే.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోనులో బ్యాటరీ త్వరగా తరిగిపోతున్నదని సెట్టింగులు తెరచి చూశాను. అందులో యాప్‌ల పట్టిక ఉన్నది. ఒక్కొక్క పేరును తాకితే 'ఫోర్స్ స్టాప్' అనే మీట కనపడుతున్నది. అనగా బలవంతంగా నిలిపివేయుట. పేరులోనే హెచ్చరిక ఉన్నది. నొక్కగానే, ఇట్లా ఆపితే యాప్ సరిగా పనిచేయకపోవచ్చునని ఫోను మరొక మాట చెప్పినది కూడా. సరే అన్నాను. ఆ విధంగా పదిహేనో ఇరవయ్యో యాప్‌లను ఆపి, పెద్ద పని చేసినవానివలె ఫోను పక్కన పెట్టాను. ఆ ఇరవైలో మందుల యాప్ కూడా ఒకటి.

ఆ రాత్రి గంట మ్రోగలేదు. సోమవారం మ్రోగలేదు, మంగళవారం మ్రోగలేదు. గంట మ్రోగకపోతే మాత్ర గుర్తుండదా అని మీరు అడగవచ్చు. ఒక పనిని గంటకు అప్పగించిన తరువాత మనస్సు ఆ పనిని విడిచిపెట్టి వేరొక దానిమీదకు పోతుంది. మ్రోగని గంట ఎవరికీ వినపడదు. బుధవారం పది గంటల వేళ వసారాలో ఆమెకు కళ్ళు తిరిగి పడిపోయినది. ఎడమ మణికట్టు ఎముక చిట్లినది. ఆసుపత్రిలో డాక్టరు గారు రక్తపోటు చూసి, మాత్రలు వేళకు వేసుకొంటున్నారా అని అడిగితే, ఇద్దరమూ ఏమాత్రం తడబడకుండా వేసుకొంటున్నామనే చెప్పాము. ఇంటికి వచ్చి మందుల అట్ట చూస్తే, ఉండవలసిన దానికంటే ఆరు మాత్రలు ఎక్కువ ఉన్నవి.

సాయంత్రం మనుమరాలు వచ్చి ఆ యాప్‌ను సెట్టింగులలో చూచినది. ఫోర్స్ స్టాప్ మీట వెలిసిపోయినట్లు బూడిదరంగులో ఉన్నది. ఒక యాప్‌ను అదివరకే బలవంతంగా ఆపి ఉంటే ఆ మీట అట్లా నొక్కుడుపడకుండా ఉంటుందట. "తాతయ్యా, దీన్ని ఎవరు ఆపారు?" అన్నది. ఫోను తనంతట తానే ఆగి ఉంటుందన్నాను. డెబ్బైనాలుగేండ్ల వయస్సులో ఆ అబద్ధం ఆడాను. అది ఒక్క పూట కూడా నిలువలేదు, ఎందుకంటే తక్కిన పందొమ్మిది యాప్‌లూ అదే రీతిగా ఉన్నవి. లోపలి గదిలో నుండి మా ఇంటావిడ వినుచునే ఉన్నది. "ఏమండీ, మీ మడి నా మాత్రలకు కూడా పట్టించారా?" అని మాత్రం అన్నది. ఇంకేమీ అనలేదు.

చేతికి కట్టు అయిదు వారాలు ఉన్నది. ఆ అయిదు వారాలూ మనుమరాలిని కూర్చోబెట్టుకొని, ఫోను లోపల ఏమి జరుగుతున్నదో శిష్యునివలె అడిగి తెలిసికొన్నాను. ఆమె ఇంజనీరింగు చదువుతున్నది. ఓపిక గల గురువు.

నా మొదటి భ్రాంతి 'మెమొరీ' అనే మాటలో ఉన్నది. ఫోను కొనేటప్పుడు 6 జీబీ అని ఒకటి, 128 జీబీ అని ఒకటి చెబుతారు. రెండింటినీ జనం మెమొరీ అనే అంటారు. రెండూ వేరు. నా పద్ధతిలో చెప్పాలంటే 128 అనేది పుస్తకాల బీరువా. ఫోటోలు, యాప్‌లు, పాటలు అన్నీ అందులో ఉంటాయి. ఫోను ఆపివేసినా అవి చెక్కుచెదరవు. 6 అనేది పాఠం చదువుకొనేటప్పుడు మన చుట్టూ పరచుకొన్న చాప, ముందున్న వ్యాసపీఠం. దీనినే ర్యామ్ అంటారు. మనం ఒక యాప్ తెరచినప్పుడు ఫోను దానిని బీరువాలో నుండి తీసి ఈ చాపమీదకు తెస్తుంది.

నేను విద్యార్థిగా ఉన్న రోజులలో ఒక పంక్తికి అర్థం కుదరాలంటే మూలగ్రంథం పీఠంమీద, వ్యాఖ్యానం కుడిప్రక్క, నిఘంటువు ఎడమప్రక్క, పాత నోటుపుస్తకం ఒడిలో ఉండేవి. ఒక్కొక్క మాటకూ నిఘంటువు చూచి, వెంటనే దానిని బీరువాలో పెట్టి తాళం వేసి, మరొక మాట రాగానే మళ్ళీ లేచి తాళం తీసేవాడిని చూస్తే మా గురువుగారు ఏమనేవారో నాకు తెలుసు. చాప ఖాళీగా ఉంచడం పాఠానికి ఉపకారం కాదు. చాప ఉన్నదే పుస్తకాలు పరచుకొనడానికి. నేను రాత్రిపూట చేసినది అదే. తెల్లవారి మళ్ళీ పంచాంగం తెరచినప్పుడు ఫోను దానిని మొదటినుండి బీరువాలో వెదకి, తీసి, పరచవలసి వచ్చేది. అప్పటికే చాపమీద ఉన్న యాప్‌ను ముందుకు తేవడానికి పట్టే శ్రమ కంటే మొదటినుండి పరచే శ్రమ చాలా ఎక్కువ. శ్రమ అంటే ఇక్కడ బ్యాటరీయే. ర్యామ్‌లో ఏదైనా ఉన్నంత మాత్రాన అదనంగా విద్యుత్తు ఖర్చుకాదు. అది నిండి ఉన్నా, ఖాళీగా ఉన్నా ఇంచుమించు ఒకే ఖర్చు.

అయితే చాప నిండిపోతే? ఈ ప్రశ్న నేనూ అడిగాను. దానికి ఫోనులోనే ఒక వ్యవస్థ ఉన్నది. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ అనే వ్యవస్థ. నడుస్తున్న ప్రతి యాప్‌కు అది ఒక అంతస్తు కేటాయిస్తుంది. మన కంటిముందు ఉన్నదానికి అగ్రస్థానం. కంటిముందు లేకపోయినా మనకు తెలిసేటట్లు పనిచేస్తున్నదానికి, అనగా పాట వినిపిస్తున్నది, దారి చూపిస్తున్నది, అట్టివాటికి తరువాతి స్థానం. వాడి ప్రక్కన పెట్టినది, ప్రస్తుతం ఏ పనీ చేయనిది చిట్టచివర. స్థలం చాలనప్పుడు ఫోను ఆ చివరి వరుస నుండి ఒక్కొక్క దానిని తొలగించి చోటు చేసుకొంటుంది. తొలగించే ముందే ఆ యాప్ తాను ఎక్కడ ఉన్నదో గుర్తు వ్రాసి పెట్టుకొంటుంది, పుస్తకంలో నెమలికన్ను పెట్టినట్లు. సరిగా వ్రాసిన యాప్ అయితే మనం మళ్ళీ తెరచినప్పుడు అదే పుటలో తెరచుకొంటుంది. ఇదంతా మనం అడగకుండానే, మనకు తెలియకుండానే, రోజంతా జరుగుతున్నది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. నడుస్తున్న యాప్‌ను కంప్యూటరు భాషలో 'ప్రాసెస్' అంటారు. దానిని తెలుగులో 'ప్రక్రియ' అని వ్రాస్తున్నారు. మా వ్యాకరణంలో ప్రక్రియ అంటే ధాతువు నుండి రూపం సిద్ధించే క్రమం. ఫోనులోనూ ఇంచుమించు అట్లాగే ఉన్నదని విని ఆశ్చర్యపోయాను. ఆండ్రాయిడ్‌లో 'జైగోట్' అనే ఒక మూలప్రక్రియ ఉంటుంది. జైగోట్ అంటే జీవశాస్త్రంలో సంయుక్తబీజం. ఫోను ఆన్ అయ్యేటప్పుడే అది పుడుతుంది. తరువాత తెరచే యాప్‌లన్నీ దాని ప్రతిరూపాలుగా దానినుండే పుడతాయి. పేరు పెట్టినవారెవరో గాని ఆలోచించి పెట్టారు.

పడుకొన్న యాప్‌లు లోలోపల బ్యాటరీని తింటూ ఉండవా అన్నది తరువాతి శంక. జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని మూడు అవస్థలు మనకు తెలుసు. కంటిముందున్న యాప్ జాగ్రదవస్థలో ఉన్నది. పాట వినిపిస్తూ వెనుక ఉన్నది స్వప్నావస్థ అనుకోండి. ప్రక్కన పెట్టినవి సుషుప్తిలో ఉంటాయి. ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోనులలో అట్టి యాప్‌ను పూర్తిగా గడ్డకట్టించినట్లు నిలిపివేసే ఏర్పాటు ఉన్నది. అది చాపమీద ఉంటుంది, కాని దానికి మెదడు పంచి ఇవ్వరు. ఏ పనీ చేయదు. పోలికను ఇంతకంటే లాగితే వేదాంతులు నన్ను క్షమించరు.

ఈ నిగ్రహం ఒక్కనాటితో రాలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో ఫోను కదలకుండా, తెర ఆరి ఉన్నప్పుడు యాప్‌ల పనులను వాయిదావేసి కొంతసేపటికి ఒకసారి మాత్రం అనుమతించే పద్ధతి వచ్చినది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 వెనుకనుండి చేసే పనులకు గట్టి పరిమితులు పెట్టినది. మరుసటి సంవత్సరం, మనం తరచు వాడేవి, అరుదుగా వాడేవి అని యాప్‌లను తరగతులుగా విభజించి, వాడని వాటికి అవకాశం తగ్గించడం మొదలైనది.

మరి వరుసగా కనపడే ఆ ముక్కల సంగతి ఏమిటి? అదే నా రెండవ భ్రాంతి. ఆ వరుసలో ఉన్నవన్నీ నడుస్తున్నాయని నేను అనుకొన్నాను. మీరు ఇంటికి వెళ్ళి ఒక పరీక్ష చేయండి. ఫోనును పూర్తిగా ఆపి, తిరిగి ఆన్ చేసి, ఆ వరుస తెరచి చూడండి. చాలా ఫోనులలో నిన్నటి యాప్‌లు అట్లాగే కనపడతాయి. ఆపివేసిన ఫోనులో ఏదీ నడవలేదు గదా! కాబట్టి అది నడుస్తున్నవాటి జాబితా కాదు, మనం ఇటీవల ఎక్కడెక్కడికి వెళ్ళామో తెలిపే చిట్టా. దానిలో కనపడినది నడుస్తూ ఉండవచ్చు, ఎప్పుడో ఆగిపోయి బొమ్మ మాత్రం మిగిలి ఉండవచ్చు. దానికి విపర్యయం కూడా ఉన్నది. అక్కడ కనపడనిది కూడా పనిచేయవచ్చు. వాట్సాప్ ముక్కను పైకి త్రోసివేసిన తరువాత కూడా సాధారణంగా సందేశం వస్తూనే ఉంటుంది. వ్యాకరణం చదువుకొన్నవారు ఇక్కడ ఉంటే వారికి ఒక్క మాటలో చెబుతాను. ప్రత్యయం లోపించినా దాని కార్యం మిగిలి ఉంటుందని మనం ఒప్పుకొంటాము గదా, ఇది అట్టిదే. కంటికి కనపడుట, పనిచేయుట అనే రెండింటినీ ఒకటిగా తలచడమే పొరపాటు.

ఈ అలవాటు మనకు ఎట్లా వచ్చినదని విచారించాను. 2008లో అమ్మకానికి వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్న ర్యామ్ 192 ఎంబీ మాత్రమే. ఈనాటి 6 జీబీ దానికి ముప్పైరెండు రెట్లు. ఆ రోజులలో ఇరుకు నిజమే. యాప్‌లను చంపి ఖాళీ చేస్తామని చెప్పుకొనే యాప్‌లు అప్పుడే పుట్టుకొని వచ్చినవి. ఐఫోనులోనైతే బయటివారి యాప్‌లు ఒకేసారి పలు నడిచే ఏర్పాటు 2010లో గాని రాలేదు. 2013లో ముక్కను పైకి త్రోసే పద్ధతి వచ్చి, త్రోయడమనేది చూడముచ్చటైన పనిగా మారినది. 2016లో ఆపిల్ సంస్థలో ఈ వ్యవస్థకు బాధ్యుడైన క్రెయిగ్ ఫెడెరిఘి, తాను అట్లా మూయనని, బ్యాటరీ కోసం మూయవలసిన పని లేదని ఒక వాడుకదారునికి సమాధానమిచ్చారు. ఆ రోజులలోనే ఆండ్రాయిడ్ ముఖ్యాధికారి హిరోషి లాక్‌హైమర్ కూడా ఆ మాటనే సమర్థించారు. ఆ ఫోనులను చేసినవారే చెప్పిన తరువాత కూడా పదేండ్లుగా మనం వ్రేళ్ళు అరగదీసుకొంటూనే ఉన్నాము.

నా ఫోనులో ఒక 'క్లీనర్' యాప్ కూడా ఉండేదని చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. తాకగానే ఒక రాకెట్టు బొమ్మ ఎగిరి, ఇంత మెమొరీ విడుదలైనదని అంకెలు చూపేది. ఎంతో తృప్తిగా ఉండేది. అది రోజంతా తానే మేలుకొని ఉండి, మధ్యమధ్య ప్రకటనలు చూపుతూ, ఇతరులను నిద్రపోనీయని కావలివాడని తరువాత తెలిసినది. అది ఆపిన యాప్‌లలో కొన్ని మరుక్షణమే మళ్ళీ లేచేవి. మళ్ళీ ఆపడం, మళ్ళీ లేవడం. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో, వెనుకనున్న ప్రక్రియలను ఆపమని అడిగే మార్గంలో ఒక యాప్ తన సొంత ప్రక్రియలను తప్ప పరుల వాటిని ఆపలేకుండా కట్టడి చేశారు. అట్టి యాప్ ఏదైనా మీ ఫోనులో ఉంటే తీసివేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైకి త్రోయడం వేరు, ఫోర్స్ స్టాప్ వేరు. నా ఇంటి ప్రమాదం అంతా ఈ భేదం తెలియకనే జరిగినది.

పైకి త్రోసినప్పుడు మామూలు ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ చిట్టా నుండి పోతుంది, దాని పని ఆగుతుంది. కాని అది ఫోనుకు ముందుగా అప్పగించిన కోరికలు నిలిచే ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి నన్ను లేపు అని మందుల యాప్ ఫోనుకు చెప్పి పడుకొన్నది. ఎనిమిది కాగానే ఫోను దానిని లేపుతుంది, అది గంట మ్రోగిస్తుంది. అందువల్లనే ఏడాదిన్నర నేను ప్రతిరాత్రి త్రోసివేసినా గంట మ్రోగుతూనే ఉన్నది. ఫోర్స్ స్టాప్ చేసినప్పుడు మాత్రం ఆ కోరికలన్నీ రద్దవుతాయి. ఎనిమిదింటికి లేపమన్న మాట చెరిగిపోతుంది. మనం స్వయంగా ఆ యాప్ బొమ్మను తాకి తెరచేవరకు అది ఇక లేవదు. మందుల యాప్ అనేది తెరిచి చూసుకొనేది కాదు, తానే మనలను పిలవవలసినది. పిలిచేదానిని ఎవరైనా తెరచేదాకా లేవవద్దని కట్టివేస్తే ఇక పిలిచేదెవరు?

ఇంకొక చిక్కు ఉన్నది. మన దేశంలో అమ్ముడయ్యే ఫోనులలో కొన్నింటిలో, ఆండ్రాయిడ్‌పైన ఆయా తయారీదారులు తమ సొంత కట్టుబాట్లు కూడా చేరుస్తారు. అటువంటి వాటిలో ముక్కను పైకి త్రోసినా ఫోర్స్ స్టాప్ చేసినంత పని జరగవచ్చు. కొన్నింటిలో మనం ఏమీ చేయకపోయినా బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే ఆపివేస్తుంది. మీది ఏ కోవకు చెందినదో తెలియనప్పుడు, ముఖ్యమైన యాప్‌కు ఫోను చేతనే మినహాయింపు ఇప్పించడం క్షేమం. సెట్టింగులలో ఆ యాప్ పేరు తెరచి, బ్యాటరీ అన్నచోట 'అన్‌రిస్ట్రిక్టెడ్' అన్నదానిని ఎంచుకోవాలి. అనగా దీనికి అడ్డు పెట్టవద్దని. 'ఆటోస్టార్ట్' అనే మీట కనపడితే దానిని కూడా ఆన్ చేయాలి. కొన్ని ఫోనులలో, వరుసగా కనపడే ముక్కను కాసేపు అదిమిపట్టితే తాళం గుర్తు వస్తుంది. తాళం వేస్తే 'అన్నీ క్లియర్ చేయి' అన్నది నొక్కినా ఆ ఒక్కటి పోదు. మా ఇంటావిడ ఫోనులో ఇప్పుడు మందుల యాప్‌కు ఈ మూడూ చేసి ఉన్నవి. ఇట్టి మినహాయింపు మాత్రం మూడు నాలుగు యాప్‌లకు మించి ఇవ్వవద్దు. అందరికీ ఇస్తే అప్పుడు నిజంగానే బ్యాటరీ కరగిపోతుంది.

పిల్లలు అమెరికా నుండి తెచ్చి ఇచ్చిన ఐఫోనులు వాడేవారు మీలో ఉన్నారు. అందులో ఫోర్స్ స్టాప్ అనే ప్రత్యేకమైన మీట లేదు. ముక్కను పైకి త్రోయడమే అక్కడ గట్టిగా ఆపడం. అట్లా ఆపిన యాప్‌ను, మీరు మళ్ళీ తెరచేవరకు, వెనుకనుండి కొత్త సమాచారం తెచ్చుకొనడానికి ఫోను లేపదు. యాప్ కదలక మెదలక బిగుసుకొని పోయినప్పుడు మాత్రమే మూయమని ఆపిల్ సంస్థ తన సూచనలలో వ్రాసినది.

ఒక పెద్దాయన మొన్న నన్ను పట్టుకొని, ఆర్జితసేవ టిక్కెట్టు కోసం పేర్లు, ఆధార్ సంఖ్యలు అన్నీ నింపి, ఓటీపీ చూడడానికి సందేశాలలోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి పుట మొత్తం కొత్తగా తెరచుకొని, నింపినదంతా పోయినదని వాపోయారు. నాలుగుసార్లు అట్లా జరిగి, చివరికి టిక్కెట్లు అయిపోయినవట. వారి ఫోను పాతది, ర్యామ్ తక్కువ. చాప ఇరుకైనప్పుడు ఫోను కంటిముందు నుండి తప్పుకొన్న పుటను తొలగించినది. ఇట్టి ఫోను గలవారు ఆ సమయంలో వేరే యాప్‌కు వెళ్ళకుండా ఉండడమే మేలు. ఓటీపీ రాగానే తెర పైభాగాన కొన్ని క్షణాలు కనపడుతుంది, అక్కడే చూసి వ్రాసుకోండి. లేదా పైనుండి క్రిందికి వేలితో లాగితే నోటిఫికేషన్లలో కనపడుతుంది. మూలన చిన్న పెట్టెలో వీడియో ఆడుతూ ఉంటే, దారి చూపే మ్యాపు నడుస్తూ ఉంటే, వాటిని ముందుగా ఆపండి. అవి పనిచేస్తున్నవి గనుక చాపమీద నిజంగా చోటు ఆక్రమిస్తాయి.

బ్యాంకు యాప్ విషయంలో మరొక అపోహ. ముక్కను పైకి త్రోస్తే ఖాతాకు తాళం పడినదని అనుకోవద్దు. 'లాగ్ అవుట్' అని ఉన్నదానిని నొక్కి బయటకు రావడమే తాళం. ఎవరో ఫోను చేసి, బ్యాంకు నుండి మాట్లాడుతున్నామని నమ్మించి, మీ తెరను వారు చూడగలిగే యాప్ ఏదైనా పెట్టించి ఉంటే, దానిని ప్రక్కకు త్రోయడం ఏమాత్రం చాలదు. వెంటనే ఇంటర్నెట్టు ఆపి, ఆ యాప్‌ను పూర్తిగా తీసివేసి, మీ బ్యాంకుకు తెలియజేయాలి. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 అనే సంఖ్య ఉన్నది. వ్రాసుకోండి.

ఇంతకీ ఏదీ ఆపకూడదా అంటే, ఆపవలసినవి ఉన్నవి. ఒక యాప్ బిగుసుకొని పోయి ఎంత తాకినా పలకకపోతే ఆపి మళ్ళీ తెరవండి. ఊరు చేరిన తరువాత కూడా దారి చెబుతూనే ఉన్న మ్యాపును ఆపండి. ఫోను జేబులో ఊరకనే వేడెక్కుతున్నదంటే ఏదో ఒకటి లోపల పనిచేస్తున్నదన్నమాట. అది ఏదో ఊహించనక్కరలేదు. సెట్టింగులలో బ్యాటరీ అన్నచోట ఏ యాప్ ఎంత వాడినదో లెక్క ఉంటుంది. ఆండ్రాయిడ్ 13 నుండి, పైనుండి క్రిందికి తెరను లాగితే అడుగున, ప్రస్తుతం వెనుక పనిచేస్తున్న యాప్‌లు ఇన్ని అని ఒక మాట ఉంటుంది. దానిని తాకితే వాటి పేర్లు, ప్రక్కన 'స్టాప్' అనే మీట కనపడతాయి. నడుస్తున్నవాటి జాబితా చూడాలంటే అక్కడ చూడాలి, పేకముక్కలలో కాదు. నేను ఆ ఆదివారం ఈ లెక్క చూచి ఉంటే ఎంత బాగుండేది! తరువాత చూస్తే ఆమె ఫోనులో బ్యాటరీని ఎక్కువ వాడినది మందుల యాప్ కాదు. దాని వంతు ఒక్క శాతం కూడా లేదు. ఎక్కువ వాడినది మధ్యాహ్నమంతా ఆమె చూసే ప్రవచనాల వీడియోలు! అది ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఫోనుకూ లేదు.

కట్టు విప్పి మూడు నెలలైనది. ఎడమచేతితో ఇప్పటికీ బరువైన బిందె ఎత్తలేదు. ఎనిమిదింటికి గంట మ్రోగుతున్నది. అయినా అట్టమీద తారీఖులు వ్రాసుకొని, వేసుకొన్న మాత్రకు పెన్సిలుతో టిక్కు పెట్టే పని నేను తీసుకొన్నాను. ఆ ముక్కల వరుస చూసినప్పుడు నా వ్రేలు ఇప్పటికీ పైకి లేస్తుంది. వెనక్కు తీసుకొంటాను.

ప్రసాద వితరణ అయిన తరువాత నేను, మా మనుమరాలు ఆ తూర్పు స్తంభం దగ్గర కూర్చుంటాము. ఫోను, కళ్ళజోడు తెచ్చుకొన్నవారు రండి. మందుల యాప్ ఉన్నవారిని, చక్కెర వ్యాధికి సూది వేసుకొనే వేళను ఫోనులో పెట్టుకొన్నవారిని ముందుగా చూస్తాము. తక్కినవారు దయచేసి వేచి ఉండండి. ఫోను లోపలి రహస్యసంఖ్య మాత్రం మాకు చెప్పవద్దు, మీరే తెరచి ఇవ్వండి.